ముందు మ్యాన్ పేజీ రాయరా

ఒరేయ్ శీనూ,

నీ టూల్ పూర్తయిందన్నావు, చాలా సంతోషం. కానీ మ్యాన్ పేజీ (టెర్మినల్లోనే తెరుచుకుని, కమాండ్ ఎలా వాడాలో చెప్పే పేజీ) సంగతి "తర్వాత చూద్దాంలే" అన్నావే, అది మాత్రం నాకు నచ్చలేదు. హెల్ప్ ఆప్షన్ కొడితే అన్నీ కనిపిస్తాయిగా అంటావు. అది తెలిసినవాడికి గుర్తు చేయడానికి సరిపోతుంది. ఇంటర్నెట్ లేని సర్వర్ ముందు కూర్చుని, నీ టూల్‌ని మొదటిసారి చూస్తున్నవాడికి మ్యాన్ పేజీయే దిక్కు.

అన్నిటికన్నా ఎక్కువసేపు పేజీ మొదట్లో వచ్చే "నేమ్" లైను మీద కూర్చో. కమాండ్ పేరు, ఒక గీత, అది చేసే పని ఒక్క ముక్కలో, అంతే. కమాండ్ పేరు తెలియనివాడు, మ్యాన్ పేజీల్లో మాట వెతికిపెట్టే అప్రోపోస్ కమాండ్‌తో వెతికితే, అది చూసేది ఆ లైనునే. "శక్తిమంతమైన సాధనం" అని రాశావనుకో, ఎవడికీ దొరకదు. "లాగ్ ఫైళ్ళలో మళ్ళీ మళ్ళీ వచ్చే వరుసలు తీసేస్తుంది" అని రాస్తే, లాగ్ అని వెతికినవాడికి ఇట్టే తగులుతుంది.

ఎగ్జిట్ స్టేటస్, అంటే ప్రోగ్రాం ముగిసేటప్పుడు తిరిగిచ్చే అంకె, అది రాయడం వదిలేయకు. ఫైళ్ళలో మాటలు వెతికే గ్రెప్ కమాండ్‌నే చూడు: దొరికితే 0, దొరక్కపోతే 1, ఏదైనా తేడా కొడితే 2. అది రాసిపెట్టారు కాబట్టే స్క్రిప్టులు రాసేవాళ్ళు ధైర్యంగా దాని మీద ఆధారపడుతున్నారు.

ఇక రాఫ్‌తో, అంటే మ్యాన్ పేజీలు రాసే ఫార్మాటింగ్ భాషతో, జాగ్రత్త. చుక్కతో మొదలైన లైనుని అది తనకిచ్చిన ఆదేశం అనుకుంటుంది. నీ కాన్ఫిగ్ ఫైలు పేరు చుక్కతోనే మొదలవుతుంది కదా, అది లైను మొదట్లో పడిందంటే పేజీలోంచి మాయమైపోతుంది. దాని ముందు బ్యాక్‌స్లాష్, యాంపర్‌సాండ్ పెట్టు. ఆప్షన్ల ముందు గీతకీ బ్యాక్‌స్లాష్ కావాలి. లేకపోతే కొన్నిచోట్ల అది వేరే హైఫన్‌గా మారిపోతుంది. చూడ్డానికి తేడా తెలియదు, కాపీ చేసి టెర్మినల్లో వేస్తే పనిచేయదు. నన్నడిగితే ఎండాక్‌లో రాయి, అదే యూనిక్స్ కుటుంబంలోని బీఎస్‌డీ వాళ్ళు మ్యాన్ పేజీల కోసం రాఫ్ మీద కట్టిన ఆదేశాల సెట్టు. అందులో ఇది ఆప్షన్ అని చెబితే చాలు, గీత అదే పెట్టుకుంటుంది.

"బగ్స్" శీర్షిక కూడా ఉంచరా. 1971 నవంబర్ 3 తేదీతో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టం తయారుచేసిన కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ తెచ్చిన దాని మొదటి మాన్యువల్లోనే అది ఉంది. తమ ప్రోగ్రాం ఎక్కడ తడబడుతుందో తామే చెప్పుకున్నారు, ఆ నిజాయితీ అంటే నాకెంతో గౌరవం. పెద్ద ఫైలు ఇస్తే నీది మెమరీ అంతా తినేస్తుందన్నావుగా, అదే రాసెయ్.

నేమ్ లైను, రెండుమూడు ఉదాహరణలు ముందు పంపు. ఒక్కొక్కటీ నా మెషిన్ మీద నడిపి చూసి చెబుతా.

నీ
ప్రసాద్