పిల్లి గోళ్ల తొలగింపుపై బహిరంగ లేఖ

నగరంలోని పెంపుడు జంతువుల ఆసుపత్రులను పర్యవేక్షించే అధికారి గారికి,

నమస్కారం. ఇదే విషయమై మీకు రెండుసార్లు విన్నవించుకున్నాను. సమాధానం రానందున నలుగురి ఎదుట మళ్లీ రాస్తున్నాను.

తార్నాకలో అద్దెకుంటున్న మా ఇంటి సోఫాను పిల్లి గీరుతోందని యజమాని గారు అభ్యంతరం చెప్పడంతో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. ‘గోళ్లు తీసేస్తాం’ అన్నారు. గోళ్లు కత్తిరించడమే అనుకుని సంతకం చేశాను. నిజానికి అది ప్రతి వేలి చివరి ఎముకను గోరుతో సహా కోసేయడమని, మనిషికైతే వేలి మొదటి కణుపు దాకా నరికినట్టేనని తర్వాతగానీ తెలియలేదు. వేళ్ల మీద నడిచే జంతువుకు ఆ కోత ఎలాంటిదో ఊహించండి. మా బుజ్జి ఇప్పటికీ ఇసుక తొట్టెలో కాలు పెట్టి, చురుక్కుమన్నట్టు వెనక్కి తీసుకుంటుంది. అది చూసినప్పుడల్లా మా అమ్మ ముఖం తిప్పుకుంటారు. పిల్లి గీరుకోవడానికి గోనెపట్టా చుట్టిన కొయ్య ఒకటి నిలబెడితే సరిపోయేదట!

ఇజ్రాయెల్ 2011లో, న్యూయార్క్ రాష్ట్రం 2019లో ఈ కోతను నిషేధించాయి. మన 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ కూడా జంతువులను అంగవికలం చేయడాన్ని నేరంగానే పరిగణిస్తోంది.

కాబట్టి, వ్యాధి చికిత్సకు తప్పనిసరైతే తప్ప ఈ శస్త్రచికిత్స చేయరాదని ఆసుపత్రులన్నింటికీ లిఖితపూర్వకంగా ఆదేశించాలని, సంతకం తీసుకునే ముందు ఏం కోస్తారో తెలుగులోనూ ఉర్దూలోనూ వివరించేలా చూడాలని కోరుతున్నాను. ముప్పై రోజుల్లోగా మీ సమాధానం ఆశిస్తున్నాను.

ఇట్లు,
తార్నాక నివాసి, హైదరాబాద్