పాఠశాల కుటుంబ సహాయ కేంద్రం: గత విద్యాసంవత్సరపు జమా ఖర్చుల వివరణ

దాతలకు, తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, పూర్వ విద్యార్థులకు కమిటీ నమస్కారాలతో తెలియజేయునది.

పాఠశాల ఆవరణలో మనం నడుపుతున్న కుటుంబ సహాయ కేంద్రానికి గత విద్యాసంవత్సరంలో అందిన సొమ్మునూ, అది ఖర్చయిన తీరునూ సర్వసభ్య సమావేశం ఆమోదం పొందిన తరువాత అందరి ముందు ఉంచుతున్నాము. అసలు మొత్తాలు లెడ్జరులోనూ, రసీదులు, వోచర్లు ఫైళ్ళలోనూ ఉన్నాయి. ఏ పద్దుకు ఎంత వాటా వెళ్ళిందో సులువుగా తెలియడానికి ఇక్కడ మాత్రం మొత్తం జమను 100 భాగాలుగా లెక్కగట్టి చూపుతున్నాము.

జమలో ప్రారంభ నిల్వ 8 భాగాలు, తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ ఇచ్చిన చందాలు 37, పూర్వ విద్యార్థుల విరాళాలు 30. మిగిలిన 25 భాగాలు సాయంత్రపు కార్యక్రమాలకే వాడాలన్న షరతుతో వచ్చిన గ్రాంటు. సహాయం పొందిన కుటుంబాల ఫొటోలు ఇస్తేనే డబ్బు ఇస్తామన్న ఒక ప్రతిపాదనను కమిటీ తీర్మానం చేసి నిరాకరించింది కనుక, ఆ సొమ్ము ఈ లెక్కలో లేదు.

ఖర్చులో అన్నింటికన్నా పెద్ద పద్దు సమన్వయకర్త జీతం, 41 భాగాలు. ఒక మనిషి జీతానికి ఇంత పెట్టే బదులు ఆ డబ్బుతో పుస్తకాలో బట్టలో కొని ఇంకా ఎక్కువ మందికి పంచవచ్చు కదా అని కొందరు దాతలు సమావేశంలో అడిగారు. అది అడగవలసిన ప్రశ్నే కాబట్టి కాస్త వివరంగా సమాధానం చెబుతున్నాము.

ఆరో తరగతి అమ్మాయి ఒకరు వారంలో రెండు మూడు రోజులు బడికి రావడం లేదని హాజరు పట్టీ చూసి గమనించిన సమన్వయకర్త ఆ ఇంటికి వెళ్ళారు. తండ్రి పనిలో గాయపడి మంచాన ఉన్నారు, తల్లి తెల్లవారకముందే పనికి పోతారు, పసివాడైన తమ్ముణ్ణి చూసుకునేది ఈ అమ్మాయే. తండ్రికి రావలసిన పింఛను దరఖాస్తు, గుర్తింపు పత్రంలోనూ వైద్య ధ్రువపత్రంలోనూ పేరు ఒక అక్షరం తేడాగా ఉన్నందున నెలల తరబడి ఆగిపోయి ఉంది. సమన్వయకర్త అఫిడవిట్ రాయించి, పేరు సరిచేయించి, పింఛను మంజూరయ్యేవరకు ఆ కార్యాలయం చుట్టూ తిరిగారు; పసివాణ్ణి ఆ వారంలోనే మన శిశు సంరక్షణ గదిలో చేర్చారు. ఇంత పనికీ లెడ్జరులో కనిపించేది దారి ఖర్చుల వోచర్లు, అఫిడవిట్ రుసుము రసీదు మాత్రమే. ఆ ఇంటికి నెలనెలా రాబడి తెచ్చిపెట్టినదీ, అమ్మాయిని బడికి తిరిగి రప్పించినదీ మాత్రం ఆ మనిషి వెచ్చించిన సమయం. బట్టలు పంచి ఉంటే అక్కడ ఏ చిక్కూ విడిపోయేది కాదు.

బడి భవనాన్ని ఊరందరికీ తెరవాలన్న ఆలోచన కొత్తది కాదు. ఇంగ్లండులో కేంబ్రిడ్జ్‌షైర్ విద్యాధికారి హెన్రీ మోరిస్ 1924లో ప్రతిపాదించగా 1930లో సాస్టన్‌లో తెరిచిన తొలి విలేజ్ కాలేజీలో పిల్లల చదువూ పెద్దల చదువూ ఒకే కప్పు కింద సాగాయి. అమెరికాలోని ఫ్లింట్ నగరంలో 1935 నుంచి బడి ముగిశాక భవనాలను జనానికి తెరిచారు. తాళం తీసి ఉంచినంత మాత్రాన అవసరమున్న కుటుంబం తనంతట తాను లోపలికి రాదు, వెళ్ళి పిలిచేవారు కావాలన్నది మా అనుభవం. న్యూయార్క్ నగరంలోని సామాజిక పాఠశాలల్లో, అంటే చదువుతోపాటు కుటుంబాలకు సహాయమూ అందించే బడుల్లో, ఈ పని కోసమే ప్రత్యేకంగా ఒక డైరెక్టరు ఉంటారు. ఆ పాఠశాలల్లో హాజరు మెరుగుపడిందని 2020లో వెలువడిన రాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థ అధ్యయనం తేల్చింది.

సాయంత్రపు చదువుల గదికీ, పెద్దల తరగతులకూ, ఆ వేళ పిల్లలను చూసుకునే ఆయాకూ కలిపి 22 భాగాలు ఖర్చయ్యాయి. తల్లులు తరగతికి రాకపోవడానికి పసిపిల్లలే ప్రధాన కారణమని తెలిసి ఆయాను పెట్టాము. అప్పటి నుంచి తరగతి నిండుగా సాగుతోంది.

ఆరోగ్యం పద్దు 14 భాగాలు. ఇందులో ఎక్కువ భాగం కంటి పరీక్షలకు, కళ్ళద్దాలకు వెళ్ళింది. అమెరికాలోని బాల్టిమోర్ బడుల్లో ఉచితంగా కళ్ళద్దాలు ఇచ్చిన పిల్లలకు మొదటి ఏడాది మార్కులు పెరిగాయనీ, రెండో ఏడాదికి ఆ లాభం నిలవలేదనీ 2021లో ప్రచురితమైన అధ్యయనం చెబుతోంది. పిల్లలు అద్దాలు పెట్టుకోవడం తగ్గిపోవడం ఇందుకు ఒక కారణం కావచ్చని పరిశోధకులు భావించారు. అందుచేత విరిగినవాటికి, పోయినవాటికి బదులు ఇవ్వడానికి ఈ పద్దులోనే కొంత విడిగా ఉంచి ఖర్చు చేశాము.

అత్యవసర సహాయం 12 భాగాలు. బకాయి పడిన ఇంటి అద్దెలు, ఆసుపత్రి బిల్లులు నేరుగా చెల్లించాము. సహాయం పొందినవారి పేర్ల రిజిస్టరు సమన్వయకర్త, కోశాధికారి, ఆడిటరు తప్ప ఎవరూ చూడరు. పిల్లవాడి తోటివారికి ఆ ఇంటి కష్టం మన ద్వారా తెలియకూడదన్నది కమిటీ గట్టిగా పట్టుకున్న నియమం. స్టేషనరీ, ఆడిట్ ఫీజు, చిల్లర ఖర్చులు కలిపి 4 భాగాలు.

ముగింపు నిల్వ 7 భాగాలు. ఇందులో 3 భాగాలు గ్రాంటులో మిగిలినవి కాబట్టి సాయంత్రపు కార్యక్రమాలకు తప్ప వాడలేము. మిగతా 4 భాగాలను సెలవుల్లో కూడా కేంద్రం తెరిచి ఉంచడానికి, సమన్వయకర్త సెలవుల కాలపు జీతానికి కేటాయిస్తూ సర్వసభ్య సమావేశం తీర్మానించింది. లెడ్జరునూ వోచర్లనూ చూడదలచినవారు పనివేళల్లో పాఠశాల కార్యాలయంలో కోశాధికారిని అడిగి చూడవచ్చు. ఏ పద్దుపైన అయినా సందేహముంటే రాతపూర్వకంగా ఇస్తే, తదుపరి కమిటీ సమావేశంలో చర్చించి రాతపూర్వకంగానే సమాధానం ఇస్తాము.

కమిటీ పక్షాన,
కోశాధికారి