అరటి గెలల మచ్చలు: ఆదివారం తోటలో కలుద్దాం

అందరికీ నమస్కారం 🙏
ఆదివారం ఉదయం 7 గంటలకు, మొన్న అనుకున్న తోటలోనే.

ఈలోగా ఎవరి గెలలు వాళ్లు ఒకసారి చూసుకోండి. కాయ కొన నల్లబడి, కాల్చిన చుట్ట చివరలా బూడిద పట్టిందా? అది సిగార్ తెగులు. శిలీంధ్రం ఎండిన పువ్వులో చేరి కాయలోకి దిగుతుంది. అందుకే హస్తాలు (గెలలోని కాయల గుత్తులు) విచ్చుకున్నాక ఆ పూలు చేత్తో తుంచేయండి. గెలకు కవరు తొడిగేది ఆ తర్వాతే. చాలామంది ఇక్కడే తొందరపడతారు!

గెలకు రాసుకునే ఎండాకులూ కోసేయండి, కాయమీద గుంటలు పడే మచ్చల తెగులు శిలీంధ్ర బీజాలు వాటిమీద పెరుగుతాయి.
ఆంత్రాక్నోస్ అనే మరో శిలీంధ్ర తెగులు పచ్చికాయలో నక్కి పండేటప్పుడు బయటపడుతుంది. పైకి శుభ్రంగా ఉందని ధీమా వద్దు.

మచ్చలుంటే శనివారం సాయంత్రంలోపు దగ్గరగా తీసిన ఫొటో పెట్టండి.
మర్చిపోవద్దు: తుంచిన పూలు, ఆకులు చెట్ల కిందే వదలకండి.