భానుమతి గారి దర్శకత్వాన్ని మా సరిహద్దు ఊళ్లలోనూ చూపించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ సినిమాటోగ్రఫీ శాఖ మంత్రివర్యులకు,

ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి ఒక తెలుగు ప్రేక్షకురాలు నమస్కరించి చేసుకుంటున్న విన్నపం.

భానుమతీ రామకృష్ణ గారి పేరెత్తగానే ‘మల్లీశ్వరి’నో ‘అత్తగారి కథల’నో తలుచుకోని పెద్దలు మా ఊళ్లో అరుదు. ఆవిడ దర్శకురాలు కూడా అంటే మాత్రం చాలామంది ఆశ్చర్యపోతారు. ‘మిస్సమ్మ’ పాత్ర ఆవిడ చేయి దాటి సావిత్రి గారికి వెళ్లిన వైనాన్ని, ఆవిడ పొగరుకు నిదర్శనంగా కథలు కథలుగా చెప్పుకునేవారు సైతం, ఆ చిత్రం విడుదలకు రెండేళ్ల ముందే, 1953లో, ముప్పై ఏళ్లయినా నిండని వయసులో ఆవిడ ‘చండీరాణి’ని తెలుగు, తమిళ, హిందీ భాషలు మూడింటిలోనూ స్వయంగా దర్శకత్వం వహించి తీసిన సంగతి ఎత్తరు. అందులో ద్విపాత్రాభినయమూ ఆవిడదే. ఒకే మనిషి ఇద్దరుగా కనిపించాలంటే ఫిల్ములో సగం మూసి ఒకసారి, తక్కిన సగం మూసి మరోసారి తీయవలసిన కాలమది; నటిస్తూనే ఆ లెక్క చూసుకోవడం ఎంత పనో ఊహించండి. 1943లో పెళ్లయ్యాక సినిమాలు మానేద్దామనుకున్న మనిషి చేసిన పని ఇది! 1982లో అందరూ పిల్లలతోనే ‘భక్త ధ్రువ మార్కండేయ’ తీసిందీ ఆవిడే.

ఒడియాలోనూ నటిగా మొదలై దర్శకురాలైన పార్వతీ ఘోష్ గారు ఉండేవారు. ఫకీర్ మోహన్ సేనాపతి నవల ‘ఛ మాణ ఆఠ గుంఠ’ను 1986లో తెరకెక్కించారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే మా ఆడపిల్లలకు ఈ ఇద్దరూ సొంతమనుషులే.

కనుక తమ శాఖ పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌తో సంప్రదించి, ‘చండీరాణి’కి దొరికినంతలో మేలైన ప్రతిని డిజిటల్ చేయించి, ఒడియా ఉపశీర్షికలతో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురాలలో ప్రదర్శించాలని కోరుతున్నాను. ఒడిశా సాంస్కృతిక శాఖను కలుపుకుంటే పార్వతీ ఘోష్ గారి చిత్రాన్నీ అదే వేదికపై చూడవచ్చు. పెద్ద హాళ్లేవీ అక్కర్లేదు, బడి ఆవరణలు చాలు. వానాకాలం మాత్రం వద్దు, సంక్రాంతి వెళ్లాక పెట్టండి. వాల్‌పోస్టరు మీద కథానాయకుడు ఎన్.టి. రామారావు గారి పేరు కంటే పైన ‘దర్శకత్వం: భానుమతి’ అని తెలుగులోనూ ఒడియాలోనూ పెద్ద అక్షరాలతో వేయించగలరు.

ఇట్లు,
భవదీయురాలు,
పర్లాకిమిడి తెలుగు ప్రేక్షకురాలు