ఈసారి ఏ పనులు ఎత్తుకున్నాం, ఏవి పక్కన పెట్టాం

మా బిల్లింగ్ యాప్ వాడుతున్న మీ అందరికీ నమస్కారం. రాబోయే నెలల్లో ఏం చేయాలో తేల్చుకోవడానికి పోయిన వారం పనులన్నీ ఆపి టీమంతా ఒక గదిలో కూర్చున్నాం. అక్కడ తేలినవాటిలో మీలో కొందరికి నచ్చని సంగతులూ ఉన్నాయి. అందుకే నేనే రాస్తున్నాను.

గోడకు ఎడమవైపు మీరు ఫోన్లలో, మెసేజుల్లో చెప్పినవి అతికించాం. మీ మాటల్లోనే, ఎక్కడా దిద్దకుండా. కుడివైపు మా అవసరాలు: రెన్యువల్స్ పెరగాలి, సపోర్టుకు వచ్చే ఫోన్లు తగ్గాలి, నెల తిరిగేసరికి జీతాలకు తడుముకోకూడదు. ఏ పని మొదలుపెట్టాలన్నా అటూ ఇటూ దారం కట్టి చూపించాలి. ముందుగా మాట్లాడమని సపోర్టులో ఫోన్లెత్తే అమ్మాయినే అడిగాం. ఓనరు నోరు తెరిస్తే మిగతావాళ్లు తలూపడం ఏ ఆఫీసులోనైనా మామూలే, అందుకని నేను చివర్లో మాట్లాడాను.

ఆ అమ్మాయి చదివిన మొదటి చీటీ ఇది: "బిల్లు సగం కొట్టాక ఫోనొచ్చింది. మాట్లాడి చూస్తే కొట్టిందంతా పోయింది. మనిషేమో ఎదురుగా నిలబడి ఉన్నాడు."

మా డెవలపర్లేమో అమ్మకాల రిపోర్టుకు గ్రాఫులు పెట్టాలని ఉత్సాహంగా ఉన్నారు. ఏది ముందు? 1984లో జపాన్ ప్రొఫెసర్ నొరియాకి కానో తన సహచరులతో కలిసి ప్రచురించిన పద్ధతి ఇక్కడ పనికొచ్చింది. ఒక్కో ఫీచర్‌కు రెండేసి ప్రశ్నలు: ఉంటే ఎలా ఉంటుంది? లేకపోతే ఎలా ఉంటుంది? మీలో కొందరికి అక్కడి నుంచే ఫోన్ చేసి అడిగాం (విసుక్కోకుండా జవాబిచ్చారు, ధన్యవాదాలు). గ్రాఫులుంటే బాగుంటుందన్నారు, లేకపోయినా ఫర్వాలేదన్నారు. సగంలో ఉన్న బిల్లు దానంతటదే సేవ్ కావడం గురించి అడిగితే, "అది ఉండాల్సిందే కదండీ" అన్నారు. కానో లెక్కలో ఇది తప్పనిసరి కోవలోకి వస్తుంది. ఉన్నందుకు ఎవరూ మెచ్చుకోరు, లేకపోతే మాత్రం వదిలేసి వెళ్లిపోతారు. రెన్యువల్స్‌కు దారం కలిసింది సరిగ్గా అక్కడే.

కాబట్టి ముందు ఆటో సేవ్ వస్తుంది. నెట్ లేనప్పుడు కూడా బిల్లు కొట్టే వీలు ఆ తర్వాత. అది పెద్ద పని. ఒకే ఖాతాను ఇద్దరు రెండు ఫోన్లలో వాడుతుంటే, నెట్ వచ్చాక రెండు బిల్లులకూ ఒకే నంబరు పడకుండా చూడాలి. ఆ చిక్కు విడేదాకా తేదీ చెప్పను. గ్రాఫులు ప్రస్తుతానికి ఆగాయి.

ఒక్కొక్కరికీ విడిగా బిల్లు డిజైన్ చేసివ్వడం మాత్రం ఆపేస్తున్నాం. అడిగినవాళ్ల అవసరం నిజమైనదే, కాదనను. కానీ అప్‌డేట్ ఇచ్చిన ప్రతిసారీ ఆ డిజైన్లన్నీ ఒక్కొక్కటిగా పరీక్షించాలి. ఆ టైమంతా మిగతా అందరి పనుల్లోంచే పోతోంది. ఇప్పటికే చేయించుకున్నవి ఎప్పటిలాగే పనిచేస్తాయి. అడిగి ఎదురుచూస్తున్నవాళ్లకు ఈ వారంలో నేనే ఫోన్ చేస్తాను. మీ బిల్లులో ఏ వివరం లేకపోతే పని ఆగిపోతుందో అప్పుడు చెప్పండి, సిద్ధంగా ఉన్న నమూనాల్లో దాన్ని ఎక్కడ ఇరికించగలమో చూద్దాం.