ఏటీవీ కొనేవాళ్లు సీసీ ఒక్కటే చూడొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం. ఏటీవీ, అంటే కొండల్లో బురదల్లో తిరిగే లావు టైర్ల నాలుగు చక్రాల బండి, కొందామనుకునేవాళ్లు ముందు ఇంజిన్ ఎంత పెద్దదనే అడుగుతారు, కానీ కొండదారుల్లో తిరగడానికి, కాస్త కట్టెలో మేతో మోసుకోవడానికి 400 నుంచి 600 సీసీ బాగానే సరిపోతుంది, ఇంకా పెద్దదైతే బరువు కూడా పెరిగి బురదలో దిగబడ్డప్పుడు బయటికి లాగలేక చావాలి. అసలు చూడాల్సింది లో రేంజ్ గేరు (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగేది) ఉందా, ఫోర్ వీల్ డ్రైవ్ కావాల్సినప్పుడే వేసుకునే వీలుందా అని. బెల్ట్‌తో నడిచే ఆటోమేటిక్ బండిని హై గేరులో పెట్టి బరువు లాగించారంటే బెల్ట్ జారి వేడెక్కి మాడు వాసనొస్తుంది, అదే లో గేరులో నింపాదిగా లాగేస్తుంది. వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్ (రెండు చక్రాలూ దేనికది విడిగా పైకీ కిందికీ ఆడేది) ఉంటే రాళ్లదారిలో నడుం బతికిపోద్ది, నేనైతే దానికి కాస్త ఎక్కువైనా పెడతా. వెనక క్యారియర్ మీద రాసున్న బరువు దాటితే ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేచి బండి తిరగబడొచ్చు.

ఇంకోటి, ఇది తప్పకుండా వేయండి సార్. సీటు పొడుగ్గా ఉంది కదాని ఒక్కరి బండి మీద ఇద్దరు ఎక్కొద్దు, ఆ పొడుగు నడిపేవాళ్లు ముందుకీ వెనక్కీ జరిగి బ్యాలెన్స్ చేసుకోడానికి. పిల్లల చేతికి పెద్దల బండి అస్సలు ఇవ్వొద్దు, హెల్మెట్ లేకుండా ఎవరూ స్టార్ట్ చెయ్యొద్దు.

ఇట్లు,
ఒక పాఠకుడు