ప్రింటులో డాటెడ్ లైన్లు నిండు గీతలైతే తప్పు ప్లాటర్‌ది కాదు

సంపాదకుల వారికి నమస్కారాలు.

ఆటోకాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన ప్లాన్లు సైటుకు చేరేసరికి వాటిలోని డాటెడ్ లైన్లు నిండు గీతలుగా మారిపోవడం మన ఇంజినీరింగ్ కార్యాలయాల్లో తరచూ కనిపించే లోపం. ఆ నెపాన్ని పెద్ద షీట్లు ప్రింటు తీసే ప్లాటర్ మీదికి నెట్టి ఊరుకుంటున్నాం. నిజానికి చాలాసార్లు తప్పు స్కేలు అమరికలోనే ఉంటుంది. ఈ విషయాన్ని పాలిటెక్నిక్, ఐటీఐ తరగతుల్లోనే గట్టిగా నేర్పాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఫ్లోర్ ప్లాన్‌లో తలపైన వచ్చే బీమును, లాఫ్టును, సన్‌షేడ్ అంచును డాటెడ్ లైన్‌తో చూపిస్తాం. అదే నిండు గీతగా అచ్చయితే మేస్త్రీ దాన్ని గోడ అనో, మెట్టు అనో అనుకుంటాడు. అందుకు అతన్ని తప్పు పట్టలేం, కాగితం మీద ఉన్నది అదే కదా! ఏ గీత దేన్ని సూచించాలో భారతీయ ప్రమాణాల సంస్థ ప్రచురించిన ఎస్‌పీ 46 స్పష్టంగా చెబుతోంది. డ్రాయింగ్ బోర్డు మీద పెన్సిలుతో శ్రద్ధగా నేర్చుకున్న ఆ పద్ధతి కంప్యూటర్ ముందు కూర్చోగానే మరుగున పడటం బాధాకరం.

అసలు కారణం చూద్దాం. గీతల నమూనాలు ఉండే ఆటోకాడ్ మెట్రిక్ లైన్‌టైప్ ఫైలులో హిడెన్ లైన్‌కు, అంటే మన డాటెడ్ లైన్‌కు, 6.35 యూనిట్ల గీత, 3.175 యూనిట్ల ఖాళీ అని రాసి ఉంటుంది. భవనాన్ని మిల్లీమీటర్లలో గీసి, గీతల స్కేలు మార్చకుండా, అసలు కొలతలతో గీసే మోడల్ స్పేస్ నుంచి 1:100లో ప్రింటు తీస్తే ఆ గీత కాగితం మీద 0.0635 మిల్లీమీటర్లే ఉంటుంది. పెన్ను మందం కంటే చిన్నవైన ఆ ఖాళీలు సిరాలో కలిసిపోతాయి. అదే భవనాన్ని మీటర్లలో గీస్తే ఒక్కొక్క గీత 6.35 మీటర్లు కావాలి, మూడు మీటర్ల గది అంచులో అది పట్టదు కనుక సాఫ్ట్‌వేర్ నిండు గీతనే చూపిస్తుంది. ఒకచోట మరీ చిన్నదై, మరోచోట మరీ పెద్దదై, రెండుచోట్లా చూడటానికి ఒకే లోపంలా కనిపించడమే ఇక్కడి చిక్కు. డ్రాయింగ్ మొత్తంలో ఈ గీతల, ఖాళీల పొడవును మార్చే ఎల్‌టీస్కేల్ విలువను మొదటిదానికి 100కు పెంచాలి, రెండోదానికి 0.1కి తగ్గించాలి. యూనిట్లు ఏమిటో చూసుకోకుండా తోచిన అంకె కొట్టి చూసేవారికి సమయం వృథా కావడం తప్ప మరేమీ మిగలదు. పైగా అంగుళాల టెంప్లేట్‌లో మెట్రిక్ డ్రాయింగ్ మొదలుపెడితే గీతల కొలతలు 25.4 రెట్లు చిన్నవవుతాయి.

ప్రింటు షీటును అమర్చుకునే లేఅవుట్ నుంచి ప్రింటు తీసేవారికి ఇంకా సులువైన దారి ఉంది. గీతల పొడవును షీటు కొలతతో లెక్కించే పీఎస్‌ఎల్‌టీస్కేల్‌ను 1గా, ఎల్‌టీస్కేల్‌ను 1గా ఉంచి, తెరను తాజా చేసే రీజెన్‌ఆల్ ఆదేశం ఇస్తే, ఒకే షీటు మీద 1:100 ప్లాన్, 1:20 డీటెయిల్ పక్కపక్కన ఉన్నా రెండింటిలోనూ గీతల పొడవు ఒకేలా వస్తుంది. ఇంతా చేసి కొన్ని గీతలు మాత్రమే తేడాగా కనిపిస్తే, ఆ గీతలకు విడిగా ఇచ్చిన లైన్‌టైప్ స్కేల్‌ను ప్రాపర్టీస్‌లో చూడాలి.

సర్వే డ్రాయింగ్‌లది వేరే సంగతి. దగ్గర దగ్గర బిందువులతో వచ్చే కాంటూరు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత), కాలువ గట్టు వంటి పాలీలైన్లలో, అంటే చాలా ముక్కలు కలిసి ఒకటైన గీతల్లో, ప్రతి బిందువు దగ్గరా గీతల వరుస మళ్లీ మొదలవుతుంది కాబట్టి, స్కేలు సరిగా ఉన్నా అవి నిండుగానే కనిపిస్తాయి. కొత్తగా గీసేవాటికి ప్లైన్‌జెన్ అనే సెట్టింగును 1 చేయాలి, ఇప్పటికే గీసినవాటికి ప్రాపర్టీస్‌లో లైన్‌టైప్ జనరేషన్‌ను ఎనేబుల్ చేయాలి.

ఇవేవీ తెలియక కొందరు డాటెడ్ లైన్‌ను చిన్న చిన్న ముక్కలుగా చేత్తో గీస్తున్నారు. ఆ రోజుకు ప్రింటు బాగానే వస్తుంది. తర్వాత ఆ హద్దును ఆఫ్‌సెట్ చేయాలన్నా (దానికి సమాంతరంగా మరో గీత తీయాలన్నా), విస్తీర్ణం లెక్కించాలన్నా అది ఒక్క గీత కాదు గనుక పని అక్కడే ఆగిపోతుంది, ఫైలు అందుకున్న మరొకరు అంతా మొదటి నుంచి గీయవలసి వస్తుంది.

కాబట్టి ఉభయ తెలుగు రాష్ట్రాల సాంకేతిక విద్య, శిక్షణ మండళ్లు క్యాడ్ (కంప్యూటర్ డ్రాయింగ్) ప్రాక్టికల్ పరీక్షలో తెర మీది బొమ్మను చూసి మార్కులు వేయకుండా, స్కేలు ప్రకారం తీసిన ప్రింటును చూసి వేసే విధానం తేవాలని, యూనిట్లు, లైన్‌టైప్ ఫైలు, ఎల్‌టీస్కేల్ ముందే సరిచేసిన ఒక టెంప్లేట్‌ను అన్ని కళాశాలలకూ అందజేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సివిల్ డ్రాఫ్ట్స్‌మన్, విజయవాడ